కరకరలాడే పొరకు తగిన పులుపు

బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయించిన కట్‌లెట్‌ను జపాన్‌లో ఒట్టిగా తినరు. పందిమాంసంతో చేసే టోంకాట్సు, కోడిమాంసంతో చేసే చికెన్ కాట్సు, రొయ్యలతో చేసే ఎబి ఫురై, బంగాళాదుంప ముద్దతో చేసే కొరొక్కె, ఏదైనా సరే, పక్కన సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ ఉంటుంది. పైన గానీ, చిన్న గిన్నెలో గానీ ముదురు గోధుమరంగు సాసు ఉంటుంది. పుల్లగా, తియ్యగా, కాస్త మసాలా ఘాటుతో ఉండే ఆ సాసు లేకపోతే రెండో ముక్కకే మొహం మొత్తుతుంది. నూనెలో వేగిన ప్రతి తిండికీ ఉన్న అవసరమే ఇది. బాపట్ల జిల్లా కారంచేడులో సాయంత్రం వేడివేడి బజ్జీ చేతిలోకి తీసుకున్నవారి నాలుకా, టోక్యోలో కాట్సు ముందు కూర్చున్నవారి నాలుకా అడిగేది ఒకటే. అందుకే జపాన్ కట్‌లెట్‌కి ఏం నంజుకోవాలి, దాన్ని ఎలా చేసుకోవాలి అన్న ప్రశ్నకు కృష్ణా డెల్టా పడమటి అంచున ఉన్న వంటిళ్లలోనే సగం జవాబు దొరుకుతుంది. చింతపండు, బెల్లం, అల్లం, ఎండుమిర్చి కలిపి నూరే అల్లం పచ్చడిలో ఆ సాసు సూత్రం దాదాపు మొత్తం ఇమిడి ఉంది.

జపాన్ భోజనంలో ఈ కట్‌లెట్ వయసు నూట పాతికేళ్ల పైమాటే. బౌద్ధం ప్రభావంతో అక్కడ మాంసాహారం మీద మొదటి నిషేధాజ్ఞ 675లో వచ్చింది. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా రకరకాల కట్టుబాట్లు నడిచాయి. 1872లో మెయిజీ చక్రవర్తి గోమాంసం తిన్నట్టు అందరికీ తెలియడంతో ఆ కట్టు సడలింది. టోక్యోలోని గింజాలో 1895లో మొదలైన రెంగాతేయి హోటల్లో 1899 ప్రాంతంలో పందిమాంసం కట్‌లెట్ వడ్డించసాగారు. యూరప్ వంటవాళ్లు ఇలాంటి ముక్కను పెనం మీద కొద్దిపాటి వెన్నలో వేయిస్తారు. గింజాలో మాత్రం తమ వేపుడు వంటకం తెంపురాకి చేసినట్టే బాణలి నిండా నూనె పోసి ముంచి వేయించారు. రష్యాతో యుద్ధం జరుగుతున్న 1904 ప్రాంతంలో మనుషులు సైన్యంలోకి వెళ్లిపోయి వంటింట్లో చేతులు చాలకపోవడంతో, ఉడికించిన కూరగాయల బదులు పచ్చి క్యాబేజీ తరుగు పెట్టడం మొదలైందని అక్కడ చెప్పుకుంటారు. తర్వాతి దశాబ్దాల్లో ముక్క మందం పెరిగింది. చాప్‌స్టిక్స్‌తో తినడానికి వీలుగా ముందే కోసి పెట్టడం వచ్చింది. పక్కన అన్నం, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే చారు చేరాయి.

సాసు కథ ఇంగ్లండులో మొదలవుతుంది. ఊస్టర్ పట్టణంలో లీ, పెరిన్స్ అనే మందుల వ్యాపారులు 1837లో ఒక పల్చని నల్లటి సాసును అమ్మకానికి పెట్టారు. వెనిగర్, మొలాసిస్, పంచదార, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, ఊరబెట్టిన ఆంకోవీ చేపలు, వాటితో పాటు చింతపండు అందులో పడేవి. చింతచెట్టు మొదట ఆఫ్రికాదే అయినా, దాని గుజ్జును వంటకు వెన్నెముకగా చేసుకున్న దేశాల్లో ముందు నిలిచేది భారతదేశం. అలా మన పులుపు ఇంగ్లిషు సీసాలో చోటు సంపాదించుకుంది. ఆ సీసా పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జపాన్ చేరింది. అక్కడివారు దాన్ని తమ నోటికి తగ్గట్టు మార్చుకున్నారు. చేపను చాలావరకు తీసేసి యాపిల్, టొమాటో, క్యారట్, ఉల్లి, ఖర్జూరం వంటి పండ్లూ కూరగాయలూ వేసి తీపినీ చిక్కదనాన్నీ పెంచారు. టొమాటో సాగుతో మొదలైన కగోమె సంస్థ 1908లో కెచప్, ఊస్టర్ సాసు రెండూ తయారుచేయసాగింది. కోబె నగరంలోని ఆలివర్ సంస్థ 1948లో ప్రత్యేకంగా టోంకాట్సు కోసమని చిక్కటి సాసు తెచ్చింది. ఈనాడు జపాన్ ఇళ్లలో కట్‌లెట్ పక్కన కనిపించేది ఆ వంశమే. ఇంకో సంగతి కూడా ఉంది. చింతగింజల నుంచి తీసే జిగురును జపాన్ ఆహార పరిశ్రమ సాసులు చిక్కబరచడానికి వాడుతుంది. మన పిల్లలు వామనగుంటలాడిన గింజలే అక్కడ సాసు జారిపోకుండా పట్టి ఉంచుతున్నాయి.

చిక్కదనం విషయంలో జపాన్ ఎంత పట్టుదలగా ఉంటుందో ఆ దేశపు వ్యవసాయ ప్రమాణాలు చెబుతాయి. అక్కడ ఈ జాతి సాసులను రుచిని బట్టి కాకుండా జిగటను బట్టి మూడు తరగతులు చేశారు. జిగట 0.2 పాస్కల్-సెకన్ల లోపు ఉంటే ఊస్టర్ రకం. 0.2 నుంచి 2.0 లోపు ఉంటే మధ్యరకం. 2.0, ఆపైన ఉంటే చిక్కటి రకం. టోంకాట్సు సాసు ఈ మూడోదాంట్లోకి వస్తుంది. నీటి జిగట సుమారు 0.001 అని గుర్తుంచుకుంటే, ఈ సాసు నీటికంటే కనీసం రెండు వేల రెట్లు చిక్కగా ఉంటుందని తెలుస్తుంది.

దీనికి కారణం కట్‌లెట్ పొరలో ఉంది. బ్రెడ్ పొడి అద్దిన ముక్క 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ వేడి నూనెలో పడగానే పొరలోని నీరు ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. ఆ ఆవిరి పోయిన దారులన్నీ సన్నని ఖాళీలుగా మిగిలిపోతాయి. కొరికినప్పుడు వినిపించే కరకర ఆ ఖాళీల చుట్టూ ఎండిన గోడలు విరిగే చప్పుడు. పల్చని రసం తగిలితే ఆ ఖాళీలు దాన్ని క్షణాల్లో పీల్చుకుని మెత్తబడతాయి. చిక్కటి సాసు పైపైనే నిలుస్తుంది. పళ్లకు పొర, నాలుకకు పులుపు వేర్వేరుగా అందుతాయి. నంజుకునేది ఎంత రుచిగా ఉన్నా పొరను నానబెడితే వంట చేసినవారి శ్రమంతా వృథా. కాబట్టి సాసు ఎంపికలో మొదట చూడవలసింది చిక్కదనం.

రుచులు రెండో మెట్టు. నూనె నోటి లోపల పల్చని పూతలా పరుచుకుని మిగతా రుచులను మూసేస్తుంది. పులుపు లాలాజలాన్ని ఊరించి తర్వాతి ముద్దకు నోటిని సిద్ధం చేస్తుంది. అయితే ఒట్టి పులుపు పళ్లు పులిసేలా చేస్తుంది కాబట్టి తీపి తోడుండాలి. మాంసానికి ఉప్పు ముందే పట్టించినా పైపొర చప్పగానే ఉంటుంది, అందువల్ల సాసులో ఉప్పు కావాలి. నాలుగోది మాంసపు రసంలో, పండిన టొమాటోలో, సోయా సాసులో ఉండే గ్లుటమేట్ రుచి. దాన్ని జపాన్‌లో ఉమామి అంటారు. నాలుక మీద నిండుదనం తెచ్చేది అదే. ఈ నాలుగింటి వెనక లవంగం, దాల్చినచెక్క, మిరియం వంటి మసాలా సన్నగా పలకాలి. ఏ ఒక్కటీ మిగతావాటిని మింగేయకుండా ఉన్నప్పుడే అది మంచి సాసు.

ఈ కొలబద్దతో చూస్తే కారంచేడు పరిసరాలు భాగ్యవంతమైనవి. ఊరు చీరాల నుంచి పర్చూరు వెళ్లే దారిలో, నల్లరేగడి నేలల మధ్య ఉంది. మిర్చి ఇక్కడికి కొత్త కాదు. గుంటూరు యార్డుకు చేరే సన్నం, తేజ రకాలు ఇంటింటి డబ్బాల్లో ఉంటాయి. తెనాలి పక్కనే దుగ్గిరాల పసుపు మార్కెట్ ఉంది. వాడరేవు, నిజాంపట్నం నుంచి చేపలూ రొయ్యలూ వస్తాయి. కట్‌లెట్ కూడా వింతవస్తువేమీ కాదు. చీరాల, బాపట్ల, తెనాలి స్టేషన్ల మీదుగా సాగే మద్రాసు–విజయవాడ లైనులో రైలెక్కినవారు బ్రెడ్డూ కట్‌లెట్టూ ఉదయపు ఫలహారంగా తిని ఎరిగినవారే. పక్కన ఇచ్చే కెచప్ పొట్లం తీపి ఎక్కువై, పులుపు చాలక వెలితిగా ఉంటుంది. ఆ వెలితిని తీర్చే పచ్చడి ఇంట్లోనే ఉంది.

అల్లం పచ్చడిని విడదీసి చూస్తే ఆ సంగతి తేటపడుతుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం పులుపిస్తుంది. అందులోని పెక్టిన్, గుజ్జు చిక్కదనాన్నిస్తాయి. బెల్లం తీపితో పాటు కాచిన చెరకురసపు రంగు, వాసన తెస్తుంది. ఊస్టర్ సాసులో మొలాసిస్ చేసే పని ఇదే. ఉప్పు ఉప్పే. లవంగం, మిరియం ఇచ్చే వేడిని ఇక్కడ అల్లం, ఎండుమిర్చి ఇస్తాయి. నూనె పీల్చిన గారె, పునుగు, పెసరట్టు పక్కన తరతరాలుగా ఈ పచ్చడే కూర్చోవడం అనుకోకుండా జరిగింది కాదు. వేపుడు పొరకు చిక్కటి పులుపుతీపి కావాలని ఈ నేల ఆడవాళ్లు రోటి దగ్గర కనిపెట్టారు. ఆ జ్ఞానానికి దక్కవలసినంత గౌరవం ఇంకా దక్కలేదు. సీసాలో వచ్చినదాన్ని శాస్త్రమనీ, రోట్లో నూరినదాన్ని అలవాటనీ పిలవడం న్యాయం కాదు. రెండింటి వెనకా ఉన్నది ఒకే తెలివి.

తేడాలు లేవని కాదు. అల్లం పచ్చడిలో గ్లుటమేట్ తక్కువ. కారం ముందుకొచ్చి కోడి, చేపల సున్నితమైన రుచిని కప్పేస్తుంది. రోటి పచ్చడి పలుకుపలుకుగా ఉంటుంది, కట్‌లెట్ సాసు నునుపుగా ఉండాలి. కాబట్టి ఆ పచ్చడిని ఉన్నపళంగా వడ్డించడం కంటే దాని ఎముకల గూడు ఉంచుకుని, మిర్చి తగ్గించి, టొమాటో, ఉల్లి, కాస్త సోయా సాసు చేర్చుకోవడం మేలు.

ఇంట్లో ఉన్న మిగతా పచ్చళ్లు అన్నీ సరిపడవు. ఆవకాయలో నూనె పైకి తేలి ఉంటుంది. నూనె పొరకు మళ్లీ నూనె తోడైతే బరువు పెరుగుతుంది. కొబ్బరి చట్నీ, పల్లీ చట్నీ ఇడ్లీకి అందంగా అమరుతాయి గానీ వాటిలో కొవ్వు ఎక్కువ, పులుపు తక్కువ, పైగా నీళ్లదనం. పొర నానుతుంది, మొహమూ మొత్తుతుంది. గోంగూర పులుపు బలమైనదే, కానీ పులుపుకు సాటి తీపి లేదు. నంజుకోవాలంటే కొద్దిగా ఉల్లిపాయతో కలిపి, వేటమాంసం కట్‌లెట్ వంటి గట్టి రుచుల పక్కన మాత్రమే పెట్టాలి. నూనె తక్కువ వేసి దగ్గరగా మగ్గించిన టొమాటో పచ్చడి వీటన్నిటికంటే దగ్గరి చుట్టం.

ఆవ గురించి విడిగా చెప్పుకోవాలి. జపాన్‌లో టోంకాట్సు పళ్లెం అంచున పసుపుపచ్చటి కరాషి ముద్ద పెడతారు. ఆవపొడిని నీళ్లతో కలిపి చేసేదే కరాషి. ఆవపెట్టిన అరటికాయ, పనసపొట్టు కూరలు తిన్న తెలుగువారికి ఆ ఘాటు ముక్కు గుర్తుపడుతుంది. పొడి ఆవగింజలో ఘాటు నిద్రపోతూ ఉంటుంది. నూరి తడిపినప్పుడు గింజలోని ఎంజైము పనిచేసి ముక్కుకెక్కే ఆ పదార్థాన్ని పుట్టిస్తుంది. మరిగే నీళ్లు పోస్తే ఎంజైము చచ్చిపోయి ఘాటు రాదు, చేదే మిగులుతుంది. కాబట్టి ఆవపిండిని గోరువెచ్చని నీళ్లతో కలిపి, పదినిమిషాలు మూతపెట్టి, వడ్డించే ముందు అంచున ఉంచాలి. సాసులో వేసి ఉడికించకూడదు. కొవ్వున్న మాంసానికి ఇంతకంటే మంచి తోడు లేదు.

కట్‌లెట్ లోపల ఏముందో దాన్ని బట్టి కూడా సాసు మారాలి. కొవ్వు పట్టిన పందిమాంసానికి పులుపు, ఆవ ఘాటు ఎక్కువ కావాలి. నగోయా ప్రాంతంలో ఎర్రసోయా మిసోను పంచదారతో, రసంతో కాచి పోసే మిసో కాట్సు ఉంది. అది ఉప్పూ తీపీ కలిసిన బరువైన పద్ధతి. కోడిరొమ్ము పొడిగా ఉంటుంది కాబట్టి తీపి కొంచెం ముందుండే మధ్యరకం సాసు బాగుంటుంది. చేపకూ రొయ్యకూ ముదురు సాసు పలచగా వేయాలి, లేదా నిమ్మరసం, సన్నగా తరిగిన ఉల్లి, ఉడికిన గుడ్డు కలిపిన మయొనీజ్‌తో చేసే తెల్లటి టార్టార్ సాసు వాడాలి. 1990లలో ఆంధ్ర తీరాన టైగర్ రొయ్యల చెరువులు విస్తరించినప్పుడు వాటిని ఆశగా కొన్న దేశాల్లో జపాన్ ముందువరుసలో ఉంది. రొయ్యకు బ్రెడ్ పొడి అద్ది వేయించే ఎబి ఫురై ఆ దేశంలో పిల్లల దగ్గర్నుంచి అందరికీ ఇష్టమైన వంటకం. రేపల్లె, నిజాంపట్నం చెరువుల రొయ్యతో ఇంట్లోనే దాన్ని చేసుకోవడం ఈ ప్రాంతానికి సహజంగా దక్కిన హక్కు. బంగాళాదుంప, క్యారట్, బఠానీ కట్‌లెట్‌లో పిండిపదార్థం తీపిగానే ఉంటుంది గనక సాసులో బెల్లం తగ్గించి చింతపండు, మిరియం పెంచాలి.

ఇంట్లో సాసు చేయడానికి కావలసినవి: పండిన టొమాటోలు పావుకిలో, మధ్యరకం ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు నాలుగు, అంగుళం అల్లం ముక్క, గింజలు తీసిన ఖర్జూరాలు ఆరు, చింతపండు 30 గ్రాములు, బెల్లం 40 గ్రాములు, సోయా సాసు రెండు పెద్ద చెంచాలు, వెనిగర్ ఒక పెద్ద చెంచా, లవంగాలు మూడు, చిన్న దాల్చినచెక్క ముక్క, అరచెంచా మిరియాల పొడి, ఒక ఎండుమిర్చి. ఉప్పు చివర్లో చూసుకుని వేయాలి, సోయా సాసులో ఇప్పటికే ఉప్పుంటుంది.

చింతపండును కప్పు వేడినీళ్లలో అరగంట నానబెట్టి, పిసికి, పిప్పి, ఈనెలు లేకుండా గుజ్జు తీయాలి. ఉల్లిపాయను ఒక చెంచా నూనెలో సన్నటి సెగ మీద ఎర్రబడేదాకా వేయించాలి. రంగు, తీపి, నిండుదనం మూడూ ఇక్కడే పుడతాయి, తొందరపడకూడదు. వెల్లుల్లి, అల్లం వేసి పచ్చివాసన పోయాక టొమాటో ముక్కలు, ఖర్జూరం, లవంగం, దాల్చినచెక్క, ఎండుమిర్చి వేసి మూతపెట్టి మగ్గించాలి. టొమాటో మెత్తబడ్డాక చింతపండు గుజ్జు, బెల్లం, సోయా సాసు పోసి ఇరవై నిమిషాలు ఉడకనివ్వాలి. దాల్చినచెక్క, ఎండుమిర్చి తీసేసి చల్లారాక మిక్సీలో మెత్తగా వేసి జల్లెడలో వడకట్టాలి. వడకట్టడం మానేస్తే టొమాటో తొక్కలూ గింజలూ నాలుకకు తగులుతాయి. మళ్లీ పొయ్యి మీద పెట్టి వెనిగర్, మిరియాల పొడి చేర్చి చిక్కబరచాలి.

ఎప్పుడు దించాలో తెలుసుకోవడానికి చెంచా వీపును సాసులో ముంచి వేలితో గీత గీయాలి. గీత పూడిపోకుండా నిలిస్తే సరి. చల్లారాక సాసు ఇంకా గట్టిపడుతుంది కాబట్టి కొంచెం ముందుగానే దించడం మంచిది. రుచి చూసేటప్పుడు ఒట్టి సాసు నాకి తీర్పు చెప్పకూడదు. ఒట్టిగా కాస్త ఎక్కువ పుల్లగా, ఎక్కువ ఉప్పగా అనిపించేదే వేపుడు ముక్కతో సమంగా కుదురుతుంది. ఒక చిన్న ముక్క వేయించి దానితో చూడాలి. పులుపు ఎక్కువైతే బెల్లం, తీపి ఎక్కువైతే నిమ్మరసం, రెండూ ఉండి కూడా పలచన అనిపిస్తే సోయా సాసు చుక్కలు. తడి లేని గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు నిక్షేపంగా ఉంటుంది. మొదటి రోజుకంటే రెండో రోజు మసాలా బాగా కలిసి రుచి మెరుగవుతుంది.

అంత సమయం లేనప్పుడు దగ్గరదారి ఒకటుంది. నాలుగు చెంచాల టొమాటో కెచప్, రెండు చెంచాల ఊస్టర్ సాసు, ఒక చెంచా సోయా సాసు, ఒక చెంచా బెల్లం తురుము, అరచెంచా చిక్కటి చింతపండు గుజ్జు గిన్నెలో కలిపితే చాలు. ఉడికించనక్కర్లేదు. పైన వేయించి, రోట్లో సగం నలిపిన నువ్వులు చల్లితే వాసన వస్తుంది. జపాన్ కాట్సు దుకాణాల్లో చిన్న గరుకు రోలు, రోకలి ఇచ్చి నువ్వులను తినేవారి చేతనే నూరించి, మీద సాసు పోసుకోమంటారు. అప్పటికప్పుడు నలిగిన నువ్వుకున్న వాసన పొడి డబ్బాలో ఉండదని వారికి తెలుసు. రోలున్న ప్రతి తెలుగింట్లోనూ ఈ సంగతి తెలిసిందే.

సీసా కొనేవారు చీటీ మీద మూడు విషయాలు చూడాలి. మొదటిది పదార్థాల వరుస. బరువు ఎక్కువున్నది ముందు రాస్తారు. పండ్లు, కూరగాయలు ముందువరుసలో ఉంటే మంచిది. నీళ్లు, పంచదార తర్వాత నేరుగా పిండి, రంగు కనిపిస్తే రుచి అంతంతమాత్రమే. రెండోది శాకాహారపు గుర్తు. ఇంగ్లిషు ఊస్టర్ సాసులో ఆంకోవీ చేప ఉంటుంది. చేప తినని ఇళ్లవారు ఆకుపచ్చ గుర్తు చూసుకునే కొనాలి. మూడోది సోయా, గోధుమల ప్రస్తావన. పడనివారికి ఆ రెండూ ఇబ్బంది కలిగిస్తాయి.

వడ్డించే తీరుతో ఈ విషయం పూర్తవుతుంది. వేగిన కట్‌లెట్‌ను కాగితం మీద పరచకుండా తీగజాలీ మీద నిలువుగా ఆనించి రెండు మూడు నిమిషాలు ఉంచాలి. కింద ఆవిరి చిక్కుకోకపోతే పొర మెత్తబడదు. తర్వాత వేలెడు వెడల్పున కోయాలి. సాసును ముక్క మొత్తం మీద ముందే పోయకూడదు. తినబోయే ముక్క కోసిన వైపు అద్దుకుంటే లోపలి మాంసానికి పులుపు అందుతుంది, పైపొర కరకర అలాగే ఉంటుంది. చన్నీళ్లలో పది నిమిషాలు ఉంచి, నీళ్లు పూర్తిగా విదిల్చిన క్యాబేజీ తరుగు మధ్యమధ్య తింటే నోరు తేటపడుతుంది. ఆ తరుగుకు కూడా ఇదే సాసు సరిపోతుంది. క్యాబేజీ దొరకని రోజు కీరా, ఉల్లి చక్రాలు, నిమ్మచెక్క పెట్టినా లోటు లేదు. చిక్కదనం, పులుపుతీపుల సమతూకం, లోపలి పదార్థానికి తగిన ఘాటు, పొర నానకుండా అద్దే పద్ధతి, ఈ నాలుగూ కుదిరితే సాసు కోబె సీసాలోంచి వచ్చినా కారంచేడు బాణలిలోంచి వచ్చినా కట్‌లెట్‌కి న్యాయం జరుగుతుంది.